మా నాయన ముక్కుకు ఒక ఫ్రెంచి పరీక్ష

ఆత్మకూరు బజారులో మా అంగడికి బోర్డు మీద ఒక పేరుంది, జనం నోట్లో ఇంకో పేరుంది. బస్టాండులో దిగి బోర్డు మీది పేరు చెబితే ఆటో అతను తల గోక్కుంటాడు. "ముక్కు అంగడి" అంటే మాత్రం మారుమాట లేకుండా తెచ్చి గుమ్మం ముందు దించుతాడు. ఆ ముక్కు మా నాయనది. ఆయనది చింతపండు టోకు వ్యాపారం. ఉదయగిరి చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే సరుకులో ఏ తట్ట కొనాలో, ఏ తట్టకు దండం పెట్టి పంపించాలో ఆయన ముక్కే తేలుస్తుంది. చిటికెడు చింతపండు రెండు వేళ్ల మధ్య నలిపి, ముక్కుకు జానెడు దూరంలో ఆపి, కళ్లు మూసుకుంటాడు. తర్వాత ఒకటే మాట. అయితే "మంచిది", లేకపోతే "ముక్కింది". ముక్కిందంటే, తడి తగిలిన గోనెలో మగ్గి, పైకి నిగనిగలాడుతూనే లోపల బూజు వాసన మొదలైందని. కంటికి దొరికే జబ్బు కాదది. చారు కాచుకున్న ఇల్లాలికిగానీ తెలియదు.

చిన్నప్పుడు సీజను వచ్చిందంటే నన్నూ ఉదయగిరికి తీసుకుపోయేవాడు. కోట కొండ కింద, చెక్క గరిటెలు చెక్కేవాళ్ల అంగళ్లు దాటుకుని పోతే రేకుల షెడ్డు ఉండేది. అక్కడ తట్టలు వరసగా పెట్టుకుని కూర్చున్న వాళ్లందరూ మా నాయన కళ్లు మూసుకోగానే మాటలు ఆపేసేవాళ్లు. పది మంది పెద్దవాళ్లు ఒక మనిషి ముక్కు వైపు అంత భయభక్తులతో చూడటం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఆయన చూసిన తర్వాత ఆ చిటికెడు నా ముక్కు దగ్గర పెట్టి, "ఏం తెలస్తా ఉండాది?" అని అడిగేవాడు. నాకు తెలిసినదల్లా చింతపండు వాసన. అదే చెప్పేదాన్ని. "చాల్లే, దీని పెళ్లికి పప్పుచారు చేయించొచ్చు" అని అందరినీ నవ్వించేవాడు. కానీ తర్వాతి తట్ట దగ్గర మళ్లీ అడిగేవాడు.

ఆ మధ్య లోకమంతటికీ వచ్చిన జ్వరం ఆయనకీ వచ్చింది. అది పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. కొన్నాళ్లకు వాసన తిరిగొచ్చిందని ఆయనే ప్రకటించాడు. మేమూ నమ్మాం. నమ్మకపోవడానికి మేమెవరం, ముక్కు ఆయనది. అయితే పోయిన సీజనులో ఆయన "మంచిది" అని కొన్న సరుకులో కొంత నెల్లూరు నుంచి వెనక్కి వచ్చింది. ముక్కిందట. మా అంగడి పుట్టి బుద్ధెరిగాక అలాంటిది జరగలేదు. నాయన మాత్రం, "లారీలో వాన తగిలుంటాది" అన్నాడు. నడి వేసవిలో మా వైపు వాన పడితే దాన్ని ఫొటో తీసి పేపర్లో వేస్తారు.

ఈ ఏడు మళ్లీ సీజను మొదలవగానే అమ్మ ఫోను చేసింది. "మీ నాయన సోమవారం ఉదయగిరికి పోతాడంట సరుకు కొనేదానికి. ఆ ముక్కు వచ్చిందో రాలేదో నువ్వే తేల్చాల మ్మే. ఇంకోసారి ముక్కిన సరుకు తెచ్చినాడంటే ఆ మనిషి మళ్లీ బజారులో తలెత్తుకోని నడవడు."

"నువ్వే తేల్చొచ్చు కదమ్మా, ఇంట్లోనే ఉన్నావు" అన్నాను.

"నా వల్ల కాలా" అంది.

ఆమె పెట్టని పరీక్ష లేదు. గోంగూర పప్పు చేసి ఏం చేశానో చెప్పమంటే ఠక్కున చెప్పాడట. పొద్దున గోంగూర అమ్మే మనిషి గేటు దగ్గర అరిచిన అరుపు ఆయనకూ వినపడిందని తర్వాత గుర్తొచ్చింది. దిండు కింద కర్పూరం బిళ్లలు పెడితే, "దిండు గరగరమంటా ఉండాదేంది" అని తీసి బయట పెట్టాడట. కావాలని పాలు మాడబెట్టింది. గిన్నె తోముతున్న చప్పుడు విని, "పాలు మాడినట్టుండాయే" అని నట్టింట్లోంచి కేకేశాడట. వ్యాపారి కదా, సరుకు చూడకుండానే సగం సంగతి పట్టేస్తాడు. నిజంగా ముక్కు చెప్పిందో, కళ్లూ చెవులూ చెప్పాయో తేలక అమ్మ నా మీద పడింది. ఇంట్లో ముక్కుతో బతికే రెండో మనిషిని నేనే మరి.

నేను బెంగళూరులో ఒక పెద్ద హోటల్లో వైన్లు ఎంపిక చేసే ఉద్యోగం చేస్తాను. ఏ సీసా కొనాలి, ఏది పాడైంది, ఏ తిండికి ఏది పొసుగుతుందో వాసన చూసి, రుచి చూసి, ఊసేసి చెప్పాలి. ఉల్లిపాయ తినడానికి కూడా వారం వర్జ్యం చూసుకునే ఇంట్లో ఈ ఉద్యోగం సంగతి బయటికి ఎలా చెప్పుకుంటారు? అమ్మ బంధువులందరికీ "హోటల్లో జ్యూసుల సెక్షను" అని చెప్పింది. ఒక పెళ్లిలో మా పిన్ని నన్ను పక్కకు తీసుకుపోయి, వాళ్ల అబ్బాయికి నీరసంగా ఉంటోంది, బత్తాయి రసం మంచిదా దానిమ్మ రసం మంచిదా అని అడిగింది. దానిమ్మ అని చెప్పాను. ఉద్యోగధర్మం.

నాయనకు పెట్టాల్సిన పరీక్ష ఏమిటో బస్సెక్కకముందే తేల్చుకున్నాను. ఆయన పుట్టాక చూడనిది, విననిది, రంగును బట్టి ఊహకు అందనిది ఏదైనా కావాలి. ఆత్మకూరు బజారులో అలాంటి సరుకు లేదు. నా దగ్గర ఒకటుంది. ఫ్రాన్సులో బర్గండీ అనే ప్రాంతం నుంచి వచ్చిన తెల్ల వైను, బాగా పాతది. దిగుమతి వ్యాపారి ఒకాయన పండక్కి ఇస్తే దాచుకున్నాను. మామూలు తెల్ల వైన్లు నాలుగేళ్లు తిరక్కుండానే నీరసించిపోతాయి. ఈ బర్గండీ రకం, మంచి చోట పడుకోబెడితే, ఏళ్ల తరబడి మాగుతుంది. చిక్కేమిటంటే ఒకే పెట్టెలో పక్కపక్కన పడుకున్న రెండు సీసాల్లో ఒకటి మాగుతుంది, ఒకటి చస్తుంది. ఎందుకో ఎవరికీ సరిగ్గా తెలియదు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా మెరుస్తుంటాయి. బిరడా తీసి ముక్కు పెడితే తప్ప మంచి చెడ్డలు తేలవు. ఆ ఒక్క విషయంలో అది చింతపండుకు చుట్టమే.

"మందు తెస్తానంటావా ఇంట్లోకి?" అని అమ్మ ఫోనులోనే గుండె పట్టుకుంది.

"డాక్టరు మందుకు రాని ముక్కు ఈ మందుకు వస్తుందేమో చూద్దామమ్మా" అన్నాను.

చాలాసేపు ఆలోచించి షరతులతో ఒప్పుకుంది. వంటింట్లోకి రాకూడదు. దేవుడి గది ముందు నుంచి పోకూడదు. పెరుగు గిన్నె ఉండే ఫ్రిజ్జులో అసలే పెట్టకూడదు. దాంతో బద్వేలు మీదుగా బస్సులో నా చీరల మధ్య ఊగుతూ వచ్చిన ఆ మహారాజు, తడి తువ్వాలు చుట్టుకుని, స్నానాలగదిలో ప్లాస్టిక్ బకెట్లో కూర్చున్నాడు. పక్కనే సబ్బుపెట్టె. అదీ ఒకందుకు మంచిదే అయింది. మరీ చల్లబరిస్తే ఈ వైను నోరు విప్పదు.

ఆదివారం సాయంత్రం ఎండ తగ్గాక మిద్దె మీద చాప వేశాను. కింద ఇల్లంతా చింతపండు వాసనే. మిద్దె మీదైతే కాస్త గాలి ఆడుతుంది. "నాయనా, ఈ సీసా మాగిందో చచ్చిందో నాకు తేలడం లేదు. నువ్వొకసారి చూసి చెప్పాల" అన్నాను. పొగడ్తకు లొంగని వ్యాపారులు ఎక్కడైనా ఉంటారేమోగానీ మా నాయన మాత్రం కాదు. ఉతికిన చొక్కా వేసుకుని, నుదుట విభూతి సరిచేసుకుని పైకి వచ్చాడు. అమ్మ మెట్ల దగ్గర, ఒక కాలు మిద్దె మీద, ఒక కాలు మెట్టు మీద పెట్టి నిలబడింది. పాపం వస్తే సగమే అంటాలని కాబోలు.

బిరడా పాతబడి పొడిపొడి అవుతోంది. దాన్ని విరగకుండా తీయడానికి నేను కుస్తీ పడుతుంటే నాయన తీరిగ్గా చూశాడు.

"ఏందమ్మా, ఈ కాలంలో గూడా బెండు ముక్క పెట్టి మూసేదేంది? మన నూనె సీసా మూతే నయం."

"వాళ్ల పద్ధతి అది నాయనా."

"అందుకే సగం సీసాలు చస్తా ఉండాయి" అని తేల్చేశాడు. మా హోటల్లో ఈ విషయం మీద పెద్ద పెద్ద వాదనలు జరుగుతాయి. ఆయన ఒక్క మాటలో ముగించాడు.

గ్లాసులో పోశాను. ఒకటే గ్లాసు తెచ్చాను, తువ్వాల్లో చుట్టి. ఆయన దాన్ని కాడ పట్టుకుని పడమటి వెలుతురుకెత్తి చూశాడు. "రంగు మంచి నెయ్యి రంగుండాది. మడ్డి లేదు. అంచున నీళ్లు తేలలేదు" అన్నాడు. అక్షరాలా సరే. రంగు చూసి చెప్పమంటే మా హోటల్లో నేను చెప్పేదీ అంతే. కానీ నాకు కావాల్సింది ఆయన కళ్లు కాదు.

"ఇప్పుడు వాసన చూడు నాయనా."

"ముందు రుచి చూస్తా" అని, పక్కనున్న స్టీలు లోటాలోకి కాస్త వంచుకుని, తల పైకెత్తి, లోటా పెదవికి తగలకుండా ఎత్తి నోట్లో పోసుకున్నాడు. మా ఇంట్లో నీళ్లు తాగే పద్ధతి అదే. పెదవి తగిలితే ఎంగిలి. ఫ్రాన్సులో ఎన్నో ఏళ్లు మాగిన వైను మిద్దె మీద ధారగా గాల్లో ప్రయాణం చేసి మా నాయన గొంతు వైపు పోవడం చూసి నేను కెవ్వుమన్నాను.

"మింగొద్దు నాయనా! పుక్కిలించి ఊసెయ్యాల."

ఆయన బుగ్గలు నింపుకునే నా వైపు నమ్మలేనట్టు చూశాడు. నేనిచ్చిన మగ్గులో ఊసేసి, "డబ్బు పెట్టి కొని ఊసేసేదా? ఇదేం వ్యాపారమమ్మా?" అన్నాడు. తర్వాత నాలుకతో అంగిట్లో రెండుసార్లు చప్పరించి, "పులుపు నిలబడుండాది. పట్టుండాది. చచ్చిన సరుకు కాదిది" అన్నాడు.

మెట్ల దగ్గర అమ్మ మొహం విచ్చుకుంది. "చూసినావా? చెప్పేసినాడు" అని, అన్నాలకు వేళవుతోందని చకచకా కిందికి దిగిపోయింది. నేను ఆమెను ఆపలేకపోయాను. పులుపూ ఉప్పూ చెప్పేది నాలుక. ఆ జ్వరం నాలుక జోలికి పోలేదు. చింతపండు పుల్లగా ఉందని ఎవరైనా చెబుతారు. ముక్కిందని చెప్పాల్సింది ముక్కు.

గ్లాసు మళ్లీ ఆయన చేతికిచ్చాను. "ముక్కు లోపలికి పెట్టి చూడాల నాయనా."

"లోపలికా?"

"లోపలికే."

"ముక్కు పెట్టినాక అది ఎంగిలి కాదా? దేవుడికి పెట్టే పువ్వునే వాసన చూడగూడదంటారు."

"ఇది దేవుడికి పెట్టేది కాదు."

"ఎవురో ఒకరు తాగేదే గదా నా తర్వాత."

"ఎవరూ తాగరు నాయనా. పారబోస్తా."

"అయ్యో, పారబోస్తావా?" అని ఇంకో దారి పట్టాడు. ముందు నువ్వు చూడు, పెద్ద చదువు చదివినావు గదా ఇందులో, అన్నాడు. గాలి ఎక్కువగా ఉందన్నాడు. పడిశం పట్టినట్టుందన్నాడు. బేరం నచ్చని వ్యాపారి తప్పించుకోవడానికి ఎన్ని మార్గాలుంటాయో అన్నీ తొక్కాడు. నాకు అప్పుడే అనుమానం మొదలైంది. అయినా సరేనని ముందు నేనే చూశాను.

ముక్కు పెట్టగానే ఒక క్షణం నాయన సంగతి కూడా మర్చిపోయాను. ఆ సీసా చావలేదు. దివ్యంగా మాగింది. చచ్చిన బర్గండీ దెబ్బ తగిలిన యాపిల్ వాసన కొడుతుంది, నోట్లో చప్పగా, అలసిపోయినట్టు ఉంటుంది. ఇది అలా కాదు. మొదట నిప్పుపుల్ల గీసినట్టు చిన్న పొగ. అది చెదిరాక వేయించిన గింజల వాసన, తేనె, కాచిన వెన్న, ఆ అడుగున వానకు తడిసిన ఆకుల్లో పుట్టే పుట్టగొడుగుల వాసన. నోట్లో పోసుకుంటే ఇవన్నీ బరువుగా కూర్చోకుండా నిమ్మకాయంత పులుపు వాటిని నిలబెట్టి పట్టుకుంది. ఊసేసిన తర్వాత కూడా రుచి చాలాసేపు పోలేదు. ఎంతసేపు నిలిస్తే అంత గొప్పదని మా లెక్క. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కళ్లు తెరిచేసరికి నాయన నన్నే చూస్తున్నాడు. వెంటనే గ్లాసు అందుకుని, ముక్కు లోపల పెట్టి, "నువ్వు చెప్పబాకు, నేను చెప్తా" అన్నాడు. "బాగా మాగింది. ఏ వంకా లేదు. మంచి సరుకు."

నా ప్రాణం లేచొచ్చింది. "నాయనా!" అని ఆయన చెయ్యి పట్టుకున్నాను. అమ్మను కేకేద్దామని లేవబోయాను కూడా. అంతలో ఒక సంగతి తట్టింది. నాయన వాసన చూసేటప్పుడు ఎప్పుడూ కళ్లు మూసుకుంటాడు. ఇప్పుడు ముక్కు గ్లాసులో ఉందిగానీ కళ్లు నా మొహం మీదే ఉన్నాయి.

కూర్చున్నాను. "అడుగున వేరేగా ఉంటుంది నాయనా, ఇంకోసారి చూద్దాం" అని ఇంకొంచెం పోశాను. అది అబద్ధం. ముందు నేనే వాసన చూశాను. గాలి తగిలి ఇందాకటికంటే ఇంకా బాగా విచ్చుకుంది. అయినా చచ్చిన ఎలుక కంటపడ్డట్టు మొహం ముడిచి, ముక్కు చిట్లించి, తల విదిలించి, గ్లాసు ఆయనకిచ్చాను.

ఆయన ముక్కు పెట్టాడు. నా మొహం చూశాడు. నిదానంగా తలాడించాడు.

"ఊఁ. ఇది ముక్కింది. అడుగున తడి తగిలుండాది."

అంతకుముందు ఏ తట్ట మీద చెప్పినా నేను ఎదురు చెప్పని ఆ మాటే. అదే గొంతు, అదే నమ్మకం. నాకు నవ్వు రావాలి, ఏడుపు వచ్చింది. పరీక్ష పెట్టింది నేనే, ఫలితం వచ్చింది, అయినా ఆ ఫలితాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మొహం పక్కకు తిప్పుకున్నాను. ఆలస్యమైంది. మొహాలు చదవడంలో ఆయన ముందు నేనెంత.

గ్లాసు జాగ్రత్తగా చాప మీద పెట్టాడు. "పరీక్ష పెట్టినావా అమ్మా?"

నేను చాప మీద రాలిన బిరడా పొడి ఏరసాగాను.

"ఇంత ఖరీదైన సీసా ఎందుకు తెరిచినావు దీనికి? అడిగితే చెప్పేవాణ్ణి గదా."

"అమ్మ ఎన్నిసార్లు..."

"మీ అమ్మ అడగలా. పాలు మాడబెట్టింది, కర్పూరం దాచింది, ఇల్లంతా ప్రయోగశాల చేసింది. నోరు తెరిచి ఒక్కసారన్నా 'ఏమయ్యా, వాసన తెలస్తా ఉండాదా?' అంటే లేదని చెప్పుంటా. అడగనిదాన్ని నేనెట్టా చెప్పేది?"

"అడక్కపోతే చెప్పకూడదా?" నాకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. "అందరం చచ్చిపోతున్నాం ఇక్కడ నీ ముక్కు గురించి."

ఆయన గోడకు ఆనుకుని కోట కొండ ఉన్న వైపు చూశాడు. ఆత్మకూరు మిద్దె మీద నుంచి ఉదయగిరి కొండ కనపడదు. ఆ దిక్కు చూశాడు, అంతే.

"పెళ్లయిన కాడినుంచి మీ అమ్మ నా ముక్కు కోసమే వండింది. గుమ్మంలో చెప్పులిడస్తా ఏం కూరో చెప్పినానంటే ఆమెకి అదొక సంబరం. చెప్పేదాకా తలుపు చాటున నిలబడుకోని ఉంటాది. ఇప్పుడు వాసన తెలవదని చెప్తే, ఇంక ఆ పొయ్యి కాడ ఎవురి కోసం నిలబడాల ఆమె?"

ఇంత ప్రేమ ఉన్న మనిషిని పట్టుకుని నేను ముక్కు చిట్లించి మోసం చేశాను. సిగ్గేసింది. ఆయన మీద జాలి కాదు, మురిపెం లాంటిదేదో కలిగింది. కానీ వ్యాపారి కూతుర్ని, అసలు సంగతి మర్చిపోలేదు.

"మరి చింతపండు సంగతేంది నాయనా? రేపు ఉదయగిరిలో ఏం చూసి కొంటావు?"

"మొహాలు చూస్తా" అన్నాడు, అదేదో అందరికీ తెలిసిన పద్ధతి అన్నట్టు. "సరుకు ముక్కిందో లేదో అమ్మేవాడికి తెలుసు గదా. నేను చిటికెడు తీసి ముక్కు కాడ పెట్టుకోని, కళ్లు మూసినట్టు మూసి, సందులోంచి చూస్తా. మంచి సరుకైతే నిమ్మళంగా ఉంటాడు. ముక్కిన సరుకైతే గుటక మింగతాడు."

"మరి పోయినేడు?"

"వాడికి గూడా తెలవదు పాపం, ముక్కిందని. ఏమీ తెలవనోడి మొహంలో ఏం దొరకతాది?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన సరుకు వెనక్కి వచ్చిన కథ ఇంత చక్కగా ఎవరూ చెప్పలేదు.

తర్వాత గ్లాసు నా వైపు జరిపాడు. "అది సరే. ఇది నిజంగా ఎట్టుండాదో చెప్పు. మొహం ముడవకుండా."

మా వృత్తిలో ఇది నాకు వెన్నతో పెట్టిన విద్య. హేజెల్ నట్, అకేసియా పువ్వు, తడిసిన సున్నపురాయి అని మొదలుపెట్టాను. బెంగళూరులో చేరినప్పుడు బట్టీ పట్టిన మాటలు. వాటిలో సగం కాయలు నేను తినలేదు, సగం పువ్వులు చూడలేదు.

"అయ్యి యాడ దొరకతాయి?"

"ఫ్రాన్సులో."

"నేను ఈడ ఉండాను" అన్నాడు.

వాసన తెలియని మనిషికి వాసన చెప్పడం ఎంత కష్టమో ఆ చాప మీద తెలిసింది. నాకు తెలిసింది కాదు, ఆయనకు గుర్తున్నది వెతకాలి. "వేరుశనక్కాయలు ఇసకలో వేయిస్తారే, పొట్టు ఊదేటప్పుడు వచ్చే వాసన" అన్నాను. "మాడకముందా, మాడినాకనా?" అన్నాడు. మాడకముందే, ఒక్క గింజ మాత్రం కొద్దిగా మాడింది, అన్నాను. తలాడించాడు. "అవ్వ వెన్న కాచేటప్పుడు చివర్లో తమలపాకు వేసేది గదా." వేసేదన్నాడు. "ఆకు వెయ్యకముందు, నురుగు తగ్గి నెయ్యి అయ్యీ కానట్టుండే వాసన." ఆ మాటకు కళ్లు మూసుకున్నాడు. ఈసారి నిజంగానే మూసుకున్నాడు. సోమశిల డ్యాములో నీళ్లు దిగిపోయాక బురద పొడిబారే వాసన కూడా కొంచెం ఉందంటే, "అది తియ్యి, అది నెయ్యి పక్కన పొసగదు" అని కొట్టేశాడు. ఉందని నేను, లేదని ఆయన. వాసన తెలియని మనిషితో వాసన మీద వాదించి ఓడిపోయాను. చివరికి పుట్టగొడుగులు ఒప్పుకున్నాడు, బురద ఒప్పుకోలేదు.

"మంచి సరుకే" అన్నాడు చివర్లో, నిదానంగా. "మాగిన సరుకు. పాతబడిన సరుకు గాదు."

అంతలో కింద వంటింట్లో పోపు చుయ్యిమంది. మెట్ల మీదుగా ఇంగువ ఘాటు పైకెగసి వచ్చింది.  నా ముక్కుపుటాలు కదిలుంటాయి. నాయన వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏం వస్తా ఉండాది?"

"ఇంగువ."

"ఎక్కువా, తక్కువా?"

"ఎక్కువే నాయనా."

ఆయన మెట్ల వైపు తిరిగి, ఇంటి అవతలి వీధి దాకా వినపడేట్టు కేకేశాడు. "ఏందే, ఇంగువ ఇంత దట్టించినావు? ఈడిదాకా కొడతా ఉండాది!"

కింద గరిటె చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి అమ్మ గరిటె పట్టుకునే పైకి వచ్చింది. ఆయన్ని చూసింది. చాప మీద గ్లాసును చూసింది. తర్వాత నన్ను చూసింది, కాస్త ఎక్కువసేపే.

"చెయ్యి జారిందిలెండి. రేపట్నుంచి తగ్గిస్తా. అన్నానికి రండి" అంది ఆయనతో.

నాయన గర్వంగా చొక్కా సర్దుకుని ముందు దిగిపోయాడు. నేను గ్లాసూ సీసా తీసుకుని వెనక దిగుతుంటే అమ్మ మెట్ల మలుపులో నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. కళ్లలో నీళ్లున్నాయి, మొహంలో నవ్వుంది.

"వచ్చిందేమోనని ఒక ఆశ, అంతే. ఇంగువ సంగతి నీ మొహం చూసి చెప్పినాడని నాకు తెలవదా?" అంది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది. "రేపు నువ్వు గూడా ఆయనతో ఉదయగిరికి పో మ్మే. చిటికెడు తీసుకోని ముందు నువ్వు వాసన చూడు. చూసేటప్పుడు పక్కన నిలబడబాకు, ఎదురుగా నిలబడు. నీ మొహం ఆయనకి బాగా కనపడాల."